తడబడడం నేర్పిన అయ్యవారు

చదువు చెప్పడంలో నేను ఘనుణ్ణని కర్నూలు, కడప జిల్లాల్లో చాలామంది పంతుళ్లు అంటారు. ఎవరైనా నా ముందర ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతాను. పెద్దాయనకు వినయం ఎక్కువ అనుకుంటారు. వినయమూ లేదు, పాడూ లేదు. అది సిగ్గు. అరవై రెండేళ్లు వచ్చాయి, పళ్లు సగం ఊడాయి, ఇంకా దాచుకుని ఏం బావుకుంటాను? అందుకని రాస్తున్నాను.

నా పేరు దావీదురాజు. మాది కోయిలకుంట్ల వైపు ఒక చిన్న పల్లె. మా నాయన జొన్న చేలల్లో కూలికి పోయేవాడు. మిషన్ వాళ్లు మా వాడలో బడి పెట్టినందుకు నాకు నాలుగక్షరాలు వచ్చాయి. మా ఇంట్లోనే కాదు, మా వాడ మొత్తంలో మొదట చదవడం వచ్చింది నాకే. ఆదివారం గుడిలో వాక్యం చదవడానికి నన్ను నిలబెడితే, మా నాయన వెనక గోడకు ఆనుకుని నా నోటివంకే చూస్తూ ఉండేవాడు. ఇంటికి వచ్చాక, "ఆ నల్లటి చీమల్లో అంత మాట యాడ దాక్కోనుండాదిరా?" అని అడిగేవాడు. చదువు లేనివాడి బాధ నీకేం తెలుసని నన్నెవరూ అనలేరు. తెలిసే చేశాను.

1906లో పంతులుగా చేరాను. ఏడేళ్లు పల్లె బళ్లలో పనిచేశాక, డోన్ చుట్టుపక్కల ఉన్న ఒక ట్రైనింగు స్కూలుకు నన్ను అసిస్టెంటు మాస్టరుగా తీసుకున్నారు. దాని పేరు రాయను. తప్పు చేసింది నేను, స్కూలు కాదు. ట్రైనింగు స్కూలంటే పంతుళ్లను తయారుచేసే చోటు. దానికి ఆనుకుని చిన్నపిల్లల బడి ఒకటి ఉండేది, మాడల్ స్కూలు అనేవాళ్లం. కొత్తగా కత్తి పట్టినవాడికి తల అప్పగించినట్టు, ఆ పిల్లలను మా ట్రైనీలకు అప్పగించేవాళ్లం. ఇవాళ ఒకడు, రేపు ఇంకొకడు. ప్రతివాడూ వచ్చి ఒక పాఠం చెప్పి, మార్కులు వేయించుకుని పోయేవాడు. ఆ పిల్లలకు తమదంటూ ఒక పంతులు లేడన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

ట్రైనీలకు పెద్ద గండం విమర్శ పాఠం, అంటే అందరూ చూసి తప్పులెంచే పాఠం. మధ్యలో పిల్లలు కూర్చునేవాళ్లు. గోడ వెంట బెంచీల మీద తోటి ట్రైనీలు నోటు పుస్తకాలు పట్టుకుని, ముందు కుర్చీల్లో మాస్టర్లం మేము. పాఠం ఎట్లా నడవాలో ఒక వరస ఉండేది. పంతులు ముందు తాను గట్టిగా చదివి వినిపించాలి. తర్వాత పిల్లల చేత చదివించాలి. చదివేటప్పుడు ఎవరో ఒకరు ఎక్కడో తడబడాలి. అప్పుడు పంతులు ఆ మాటను నల్లబల్ల మీద విడగొట్టి రాసి, దిద్ది, మళ్లీ చదివించాలి. ఆ దిద్దడానికే పదికి నాలుగు మార్కులు.

చిక్కేమిటంటే, అందరూ తేలికని ఒకే పాఠం ఎంచుకునేవాళ్లు. బాటసారి పాఠం. ఎండలో నడిచి వచ్చిన బాటసారి బావి నీళ్లు తాగి, ఆ బావి తవ్వించిన వారికి కృతజ్ఞత చెప్పుకుని తన దారిన పోతాడు. దసరా దాటేసరికి పిల్లలకు అది నోటికి వచ్చేసేది. ఒక్కరూ తడబడరు. ఒకసారి గోపన్న అనే ట్రైనీ, పాపం, దిద్దడానికి ఒక్క తప్పూ దొరక్క సుద్దముక్క పట్టుకుని చెమటలు కక్కుతూ నిలబడిపోయాడు. నాలుగు మార్కులు పోయాయి. బయటికి వచ్చి ఏడ్చాడు. ఎవరి చేతనైనా తప్పు చదివిస్తే సరిపోతుంది కదా అన్న దివ్యమైన ఆలోచన చేసిన మహానుభావుణ్ణి నేనే.

దానికి నేను ఎంచుకున్న పిల్ల గుల్షన్. రైలు స్టేషను వెనక దూది ఏకే రసూల్ సాహెబ్ కూతురు. ఏడేళ్లుంటాయి. జుట్టులో ఎప్పుడూ ఒకటో రెండో దూదిపింజలు ఉండేవి. గొంతు ఎంత తేటగా ఉండేదంటే, ముందు కుర్చీలో కునికే మా చెవిటి మాస్టరు కూడా ఆ పిల్ల లేస్తే తల ఎత్తేవాడు. ఒకసారి పక్కకు పిలిచి, కృతజ్ఞత అన్న మాట దగ్గర ఆగిపోవాలి, తెలియనట్టు పంతులు ముఖం చూడాలి, ఆయన బల్ల మీద రాశాక సరిగ్గా చదవాలి అని చెప్పాను. ఆ పిల్ల చాలా శ్రద్ధగా విని, "ఎంతసేపు నిలపాల అయ్యవారూ?" అని అడిగింది. మనసులో మూడు లెక్కపెట్టుకోమన్నాను.

ఐదేళ్లు ఆ పిల్ల అట్లా తడబడింది. మూడు వందల పాఠాలకు తక్కువ ఉండవు. ఒక్కసారీ ఒక మాట ముందు ఆగలేదు, ఒక మాట వెనక ఆగలేదు. వేలు వరస వెంట నడిచేది, పుట తిప్పాల్సిన చోట తిప్పేది. కృత అని ఆగి, కనుబొమలు ముడిచి, పెద్ద పెద్ద కళ్లతో పంతులు వైపు చూసేది. మా ట్రైనీలు ఆమెకు మిఠాయి ముక్కలు కొనిపెట్టేవాళ్లు. గుల్షన్ లేచిందంటే నాలుగు మార్కులు జేబులో పడ్డట్టే అని చెప్పుకునేవాళ్లు. నాకు కళ్లు నెత్తికెక్కాయి.

1923లో అనుకుంటాను, ఇన్‌స్పెక్టరు వస్తాడని బడి కడిగిస్తున్నాం. గుల్షన్ వేయించిన వేరుశనగల పొట్లం తెచ్చి నాకు సగం ఇచ్చింది. పొట్లం కట్టిన కాగితం ఏదో పాత పత్రిక ముక్క. ఊరికే, మాటవరసకు, ఇందులో ఏముందో చదవమ్మా అన్నాను. కాగితం తీసుకుంది. అక్షరాల మీద వేలు పెట్టింది. తర్వాత నా వైపు చూసి నవ్వింది.

"మీరొకసారి సదవండి అయ్యవారూ. మళ్లా నేను సదువుతా."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక వాచకం తెప్పించి, మధ్యలో ఒక్కొక్క మాట మీద నా వేలు పెట్టి అడిగాను. నాలుగైదు అక్షరాలు గుర్తుపట్టింది, అంతే. బాటసారి అన్న మాటను విడిగా చూపిస్తే కూడా తెలియలేదు. ఐదేళ్లుగా ఆ పిల్ల చదవనే లేదు, విని అప్పజెప్పింది. పంతులు ముందు చదవాలన్నది మా పద్ధతి కదా, ఆమెకు ఒక్కసారి వింటే చాలు. రోజుకొక పంతులు మారితే కనిపెట్టేది ఎవరు? ఇంక తడబడడం అంటారా, అది నేనే దగ్గరుండి నేర్పాను.

ఆ పిల్లకు అది తప్పని కూడా తెలియదు. చదవడమంటే అదే అనుకుంది. నేను ముఖం మాడ్చుకుంటే, తాను ఎక్కడో సరిగ్గా ఆగలేదేమోనని భయపడింది.

ఇన్‌స్పెక్షను తొమ్మిది రోజులుంది. స్కూలుకు గుర్తింపు పొడిగించాలా వద్దా అన్నది దాని మీదే తేలాలి. ఫస్టు అసిస్టెంటు పని నాకు వస్తుందా రాదా అన్నదీ దాని మీదే. తొమ్మిది రోజుల్లో గుల్షన్‌కు అక్షరాలు మొదలుపెట్టవచ్చు. మొదలుపెడితే ఆ పిల్ల వేలు నిజంగా వెతుక్కోవడం మొదలుపెడుతుంది, నదురూ బెదురూ లేని ఆ గొంతు పోతుంది. ఇన్‌స్పెక్షను కానీయమ్మా, తర్వాత నేర్పుతా అన్నాను. సరేనంది. ఇన్‌స్పెక్టరు వచ్చి, చూసి, ముచ్చటపడి, దూదేకుల పిల్ల ఇంత బాగా చదవడం తానెక్కడా చూడలేదని పుస్తకంలో రాసిపోయాడు. నాకు ఫస్టు అసిస్టెంటు పని వచ్చింది.

తర్వాత పరీక్షలు వచ్చాయి, తర్వాత వేసవి సెలవులు, తర్వాత కొత్త ట్రైనీలు. ఏదో ఒకటి అడ్డం పడుతూనే ఉంది, నేను పడనిస్తూనే ఉన్నాను. మరుసటి ఏడు రసూల్ సాహెబ్ పిల్లను బడి మాన్పించి ఆలూరు సంబంధం చేశాడు. పోయే ముందు వచ్చి, నా బిడ్డ సదివిందని ఒక కాగితం ఇవ్వండి అయ్యవారూ అని చేతులు కట్టుకుని అడిగాడు. సర్టిఫికెట్టు రాశాను. చదవడం: చాలా బాగు. కింద నా సంతకం.

ఆ పైన నేను హెడ్‌మాస్టరునయ్యాను. చదవడం ఎట్లా నేర్పాలో ఉపన్యాసాలిచ్చాను. నా చేతుల మీదుగా పోయిన పంతుళ్లు జమ్మలమడుగు, రాయచోటి, ఆలూరు, ఎక్కడంటే అక్కడ ఉన్నారు. ఒకసారి రాయచోటి దగ్గర ఒక పల్లెలో మా పాత ట్రైనీ శేషన్న నన్ను బడికి పిలిచి, ఒక పిల్లను లేపి చదివించాడు. ఆ పిల్ల గడగడా చదువుతూ ఒక మాట దగ్గర ఆగింది. కనుబొమలు ముడిచింది. శేషన్న నా వైపు గర్వంగా చూసి, సుద్దముక్క తీసుకుని బల్ల దగ్గరికి నడిచాడు. ఆ రోజు వాళ్లింట్లో పెట్టిన భోజనం చేసి వచ్చాను. శేషన్నను ఒక్క మాట అనలేదు. ఏ ముఖంతో అంటాను?

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి.

1937లో మా స్కూలులో ఆడవాళ్ల ట్రైనింగు తెరిచారు. ముసల్మానుల ఆడపిల్లలకు పంతులమ్మలు లేరని, ఆ ఇళ్ల నుంచి ఎవరైనా వస్తే చేర్చుకోమని పైనుంచి ఉత్తరువు. చేరినవాళ్లకు రెండేళ్లు ఉపకార వేతనం, పైన ఖాయంగా ఉద్యోగం. చేర్చుకునే ముందు చిన్న పరీక్ష. ఒక పుట చదివించడం, నాలుగు వరసలు రాయించడం. ఒక బల్ల వెనక ముగ్గురం కూర్చున్నాం. మిషన్ మేనేజరు, కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు, నేను.

నాలుగో పేరుకు గుల్షన్ బీ లోపలికి వచ్చింది. చంకలో ఏడాది పిల్ల. ఆలూరులో మొగుడు మౌలా సాహెబ్ కలరాకు పోయాడట, పుట్టింటికి తిరిగి వచ్చింది. నన్ను చూడగానే ఆ ముఖం విప్పారింది. నేను రాసిచ్చిన సర్టిఫికెట్టు మడతల దగ్గర చిరిగిపోతే గుడ్డపేలిక అంటించి, జాగ్రత్తగా తెచ్చి బల్ల మీద నా ముందర పెట్టింది. పిల్లను కింద కూర్చోబెట్టి నిలబడింది.

ఇన్‌స్పెక్టరు ఏదో కొత్త పుస్తకం తెరిచి ఇచ్చాడు. ఆమె రెండు చేతులతో పట్టుకుంది. ఒక క్షణం ఆ పుట చూసింది, తర్వాత నన్ను చూసింది. తర్వాత చదవడం మొదలుపెట్టింది. అదే గొంతు. ఎండలో నడిచి వచ్చిన బాటసారి. బావి. చల్లని నీళ్లు. ఇన్‌స్పెక్టరు తన చేతిలోని రెండో ప్రతిలో వెతుక్కుంటున్నాడు, ఆ పుటలో ఉన్నది వ్యవసాయం గురించి. ఆమె వేలు వరసల వెంట నడుస్తూనే ఉంది. కృత అని ఆగింది. కనుబొమలు ముడిచి నా వైపు చూసింది.

నా వెనకే నల్లబల్ల ఉంది. నేను లేచి ఆ మాట రాస్తానని ఎదురుచూసింది. మూడు లెక్కపెట్టింది. ఇంకా మూడు లెక్కపెట్టి ఉంటుంది.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. ఈమె చదివిందేదీ ఇక్కడ లేదే, ఈమెకు చదువు చెప్పిందెవరు అని నన్ను అడిగాడు. సర్టిఫికెట్టు నా మోచేతి కింద ఉంది. నేను దాన్ని మెల్లగా మిగతా కాగితాల అడుగుకు తోశాను.

"ఎక్కడ చదివిందో ఏమో, కనుక్కోవాలి" అన్నాను.

ఆమె విన్నది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. ఒక్క మాట అన్నా నా ఉద్యోగం ఊడేది, అనలేదు. పిల్లను ఎత్తుకుంది. "పోయొస్తానయ్యవారూ" అంది, బడి వదిలాక చెప్పినట్టే. అది వినగానే నాకు తల కొట్టేసినట్టయింది. శిష్యుడైన పేతురు భయపడి ప్రభువును ఎరుగనన్నాడని ఎన్ని ఆదివారాలు గుడిలో చదివానో నేను. ఆయన బయటికి పోయి ఏడ్చాడు. నేను ఐదో పేరు పిలిచాను.

రిటైరయ్యాక డోన్‌లోనే ఉండిపోయాను. ఆ పరీక్ష అయిన రోజే, ఎక్కడ ఎదురవుతుందోనని స్టేషను వెనక వీధికి పోవడం మానేశాను. తొమ్మిదేళ్లు అట్లా తప్పించుకుని తిరిగాను. పోయిన ఏడు రేషను డిపో దగ్గర వరసలో నిలబడితే, నా ముందర నలుగురికి అవతల ఆమె ఉంది. డిపో గుమాస్తా సిరా మెత్త ముందుకు తోసి, వేలు పెట్టు అన్నాడు. వాచకం మీద అంత చక్కగా నడిచిన వేలును సిరాలో ముంచి, కార్డు మీద ఒత్తి, చీర కొంగుకు తుడుచుకుంది. వెనక్కి తిరిగితే నేను కనిపించాను. "బాగుండారా అయ్యవారూ?" అని అడిగింది.

మర్నాడు మధ్యాహ్నం వాళ్లింటికి పోయాను. ఒక పలక, ఒక వాచకం చంకలో పెట్టుకుని. రసూల్ సాహెబ్ అప్పటికే పోయాడు. దూది ఏకే విల్లు దూలానికి వేలాడుతోంది. ఆమె బొంత కుడుతోంది. కూతురు హుసేనమ్మ సూదులకు దారం ఎక్కిస్తోంది, పదేళ్లు దాటాయి, బడి మొహం చూడలేదు. నేను నిలబడే అన్నీ చెప్పాను. నీకు చదువు రాదని నాకు ముందే తెలుసునని, తెలిసి దాచానని, ఆ రోజు సర్టిఫికెట్టు దాచింది కూడా నేనేనని. ఆమె సూది ఆపలేదు.

"తెలుసయ్యవారూ, సూస్తి. మీరుండారు గదా, మన పాఠమే ఇస్తారనుకొని ధైర్యంగా వస్తి. అంతే."

నా ముఖాన ఉమ్మేసినా బాగుండేది. నేను నీకు ఇప్పుడైనా నేర్పుతానన్నాను. నాకెందుకులే, దీనికి చెప్పండి, నా ముందరే చెప్పండి అంది.

హుసేనమ్మను కూర్చోబెట్టుకుని వాచకం తెరిచాను. ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? గొంతు సవరించుకుని మొదటి వరస గట్టిగా చదివాను. సూది ఆగింది.

"ముందు మీరు సదవాకండి అయ్యవారూ. మీరు సదివితే అది పట్టేస్తాది. నా బిడ్డ గదా. చెవికి కాదు, కంటికి నేర్పండి. మూడు నూర్ల పాఠాలు కూసోని సూసినా నేను. మీరిప్పుడు చెప్పింది బాగలేదు."

విమర్శ పాఠంలో తల వంచుకుని నిలబడిన ట్రైనీలను ఎంతమందిని చూశానో లెక్కలేదు. వాళ్లకు ఎట్లా ఉండేదో నాకు అప్పుడు తెలిసింది. పుస్తకం మూసి, పలక మీద ఒక్క అక్షరం రాసి, నోరు మూసుకుని కూర్చున్నాను.

రోజూ మధ్యాహ్నం పోయాను. ఆరు నెలలు పట్టింది. నోరు మూసుకుని నేర్పడం నాకు చేతకాలేదు, మాట అందించాలని నాలుక పీకేది. ప్రతిసారీ బొంత వెనక నుంచి ఆగండయ్యవారూ అని వినిపించేది. ఆ పిల్ల నిజంగా తడబడేది. మూడు లెక్కపెట్టే తడబాటు కాదు, ఏడుపు ముఖం పెట్టి, పలక మీద గీతలు గీసి, పావుగంట పెనుగులాడే తడబాటు. నా సర్వీసులో పిల్లలు అట్లా తడబడితే మార్కులు పోతాయని పక్కన కూర్చోబెట్టేవాణ్ణి.

ఈ ఏడు ఉగాది దాటాక ఒక రోజు, ఇంక దీనికి చదవడం వచ్చిందమ్మా అన్నాను. గుల్షన్ నా వైపు చూసి లేచింది. శనగపప్పు కట్టుకొచ్చిన పొట్లం కాగితం ఒకటి గూట్లోంచి తీసి, నాకు చూపించకుండా కూతురి చేతిలో పెట్టింది. హుసేనమ్మ కూడబలుక్కుంటూ చదివింది. ఆలూరు తాలూకాలో ఈ సంవత్సరము వానలు లేవు, గడ్డి లేక పశువులను అమ్ముకొనుచున్నారు. అంతవరకు చదివి ఆగింది, కాగితం అక్కడ చిరిగిపోయింది.

సరిగ్గా చదివిందమ్మా అనబోయి ఊరుకున్నాను. ఆమె నన్ను అడగనే లేదు. ఆ కాగితం తీసుకుని వాకిలి దాటి, రైల్వేలో పట్టాల పాయింట్లు మార్చే పక్కింటి లక్ష్మన్న దగ్గరికి పోయింది. "ఏమప్పా లక్ష్మన్నా, ఇది రవ్వంత సదువు" అనడం లోపలికి వినిపించింది. లక్ష్మన్న గొంతు మెల్లగా చదివింది. వానలు లేవు, గడ్డి లేక. అవే మాటలు. చిరిగిన చోటే ఆగాడు. మళ్లీ ఒకసారి చదివించుకుంది. ముప్పై ఏడేళ్లు చదువు చెప్పిన నేను వాళ్ల చాప మీద కూర్చుని అదంతా విన్నాను. నా మాట మీద ఆమెకు నమ్మకం లేదు. ఎందుకుండాలి?

తిరిగి వచ్చి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నా సర్టిఫికెట్టు ఒకప్పుడు ఉండిన పెట్టెలో దాచింది. కూతురి తల నిమిరింది. నేను చెప్పులు వేసుకుంటుంటే గడప దాకా వచ్చింది.

"రేపొచ్చేటప్పుడు ఇంకో పలక తెండి అయ్యవారూ. నేనూ కూసుంటా."

సరేనమ్మా అన్నాను. నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. వీధి మలుపు తిరిగేదాకా తల ఎత్తలేకపోయాను. రేపు తీసుకుపోయే పలక ఆమెకు ఇరవై నాలుగేళ్ల కిందట, ఆ వేరుశనగల పొట్లం విప్పిన రోజే ఇవ్వాల్సింది.